కారు డేటా లైను నుంచి ఇంజిన్ వేడిని చదవడం, అదనపు లైట్లు కలపడం: వైరింగ్ ఎలా చేయాలి?

హన్మకొండ_బాటసారి:

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను హన్మకొండ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వరకు తరచుగా కారులో వెళ్లి వస్తుంటాను. నాది 2018 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. దాని మీటరులో ఇంజిన్ వేడిని చూపే ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీలి దీపం, మితిమీరి వేడెక్కినప్పుడు ఎర్ర దీపం వెలుగుతాయి కానీ, ఆ రెండింటికీ మధ్య ఏం జరుగుతున్నదో బండి నడిపే మనిషికి తెలిసే మార్గం లేదు. ఎండకాలంలో ఏసీ వేసుకొని, నలుగురిని ఎక్కించుకొని నడిపినప్పుడు ఎర్ర దీపం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. కాబట్టి డ్యాష్‌బోర్డు మీద చిన్న తెర పెట్టి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతను, బ్యాటరీ వోల్టేజీని అంకెల్లో చూడాలన్నది నా మొదటి కోరిక.

రెండోది లైట్ల సంగతి. తాడ్వాయి అడవి దారిలో రాత్రిపూట పశువులు, అడవి పందులు అకస్మాత్తుగా రోడ్డు మీదికి వస్తాయి. హై బీమ్ వేసినప్పుడు మాత్రమే వెలిగి, డిప్ చేయగానే ఆరిపోయే రెండు అదనపు లైట్లు బంపర్ దగ్గర అమర్చాలనుకుంటున్నాను. యాక్సెసరీల దుకాణంలో అడిగితే హెడ్‌లైటు వెనుక వైరు కోసి కలిపేస్తామన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మల్టీమీటరు వాడటం, సోల్డరింగ్ చేయడం నాకు వచ్చు, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులకు ప్రోగ్రాం రాయగలను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముట్టుకోకూడదో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

కాజీపేట_సిగ్నల్:

బాటసారి గారూ, మీ మొదటి కోరికకు ఒక్క వైరు కూడా కోయాల్సిన పని లేదు. ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) దగ్గర కూలెంట్ సెన్సారు విలువ ఇప్పటికే ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవడమే మనం చేయాల్సింది. స్టీరింగు కింద, మోకాళ్ల పైభాగాన 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ తగిలించేది దానికే. అందులో 4వ పిన్ను బాడీ ఎర్త్, 5వది సిగ్నల్ ఎర్త్, 16వది నేరుగా బ్యాటరీ ప్లస్, 6వది క్యాన్ హై, 14వది క్యాన్ లో.

క్యాన్ అనేది బాష్ సంస్థ 1983లో మొదలుపెట్టి 1986లో లోకానికి ప్రకటించిన పద్ధతి. 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణంగా అచ్చయింది. కారులోని కంప్యూటర్లన్నీ మెలిపెట్టిన రెండే రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. లైను ఖాళీగా ఉన్నప్పుడు రెండు తీగల మీదా 2.5 వోల్టుల చొప్పున ఉంటుంది. ఎవరైనా సున్నా పంపినప్పుడు హై తీగ 3.5కు లేస్తుంది, లో తీగ 1.5కు దిగుతుంది. అందుకునే చిప్పు ఆ రెండింటి తేడానే చూస్తుంది కాబట్టి, బయటి నుంచి వచ్చే రొద రెండు తీగల మీదా సమానంగా పడి తీసివేతలో పోతుంది. తీగలను మెలిపెట్టేది అందుకే. మీరు ఎక్కడైనా ఈ జత నుంచి కొమ్మ తీయాల్సి వస్తే ఆ మెలికను చివరి వరకూ విప్పకండి.

పని మొదలుపెట్టే ముందు ఒక కొలత తప్పనిసరి. బ్యాటరీ మైనస్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, 6, 14 పిన్నుల మధ్య నిరోధం చూడండి. లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కనుక మీటరు సుమారు 60 చూపాలి. 120 చూపితే ఒక కొస తెగి ఉందని అర్థం. మైక్రోకంట్రోలర్‌ను క్యాన్ లైనుతో కలపడానికి బజారులో దొరికే నీలిరంగు ఎంసీపీ2515 బోర్డు మీద కూడా ఒక 120 ఓమ్‌ల రెసిస్టరు, దాన్ని లైనుకు కలిపే ఊడదీయగల చిన్న క్లిప్పు, అంటే జంపరు ఉంటాయి. ఆ జంపరు తీయకుండా కలిపితే లైను మీద మూడు రెసిస్టర్లు చేరి కొలత 40కి పడిపోతుంది, సంకేతాలు బలహీనపడతాయి. అదే బోర్డుతో మరో చిక్కు, దాని గడియార వేగాన్ని నిర్ణయించే క్రిస్టల్. చాలా బోర్డుల మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. ప్రోగ్రాంలో 16 అని ఉంటే మీ బోర్డు వేగం కారు వేగంతో కలవదు. కలవని వేగంతో లైనులోకి దిగిన బోర్డు తనకు అర్థంకాని ప్రతి సందేశాన్నీ తప్పుగా ఎంచి, తప్పు జరిగిందని చెప్పే ఎర్రర్ ఫ్రేములు పంపి, మిగతా కంప్యూటర్ల మాటలను కూడా చెడగొడుతుంది. మీటరు మీద ఒకేసారి నాలుగైదు హెచ్చరిక దీపాలు వెలిగేది ఇలాంటప్పుడే.

అందువల్ల మొదట బోర్డును లిజన్ ఓన్లీ పద్ధతిలో పెట్టండి. ఆ పద్ధతిలో అది వింటుందే తప్ప, అందినట్టు గుర్తు గానీ, ఎర్రర్ ఫ్రేము గానీ లైను మీద పెట్టదు. 500 కిలోబిట్ల వేగంతో సందేశాలు శుభ్రంగా వస్తున్నాయని నమ్మకం కుదిరాకే అడగడం మొదలుపెట్టాలి. ఇక్కడ చెప్పే ఐడీలు, బైట్లు అన్నీ హెక్సాడెసిమల్ (16 ఆధారంగా రాసే) సంఖ్యలు. 7డీఎఫ్ అనే ఐడీతో 02, 01, 05 అనే బైట్లు పంపితే, 7ఈ8 నుంచి వచ్చే జవాబులో 41, 05 తర్వాతి బైటే ఉష్ణోగ్రత. దానిలోంచి 40 తీసివేయాలి. ఉదాహరణకు 7బీ వస్తే మామూలు లెక్కలో 123, అంటే 83 డిగ్రీలు. 05 బదులు 42 అడిగితే ఈసీయూకు అందుతున్న వోల్టేజీ రెండు బైట్లలో వస్తుంది, దాన్ని వెయ్యితో భాగించుకోవాలి. అన్ని ఈసీయూలూ 42కు జవాబివ్వవు, ఇవ్వకపోతే బ్యాటరీ వోల్టేజీని మీ బోర్డుతోనే కొలవండి.

గోదావరిఖని_వైరింగ్:

బాటసారి గారికి నమస్కారం. కాజీపేట తమ్ముడు చెప్పిన కొలతలతో నాకు పేచీ లేదు. నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ను, బొగ్గు గనుల ప్రాంతంలో బండ్ల వైరింగే నా పని. నా దగ్గరికి వచ్చే బండ్లలో డేటా చెడి వచ్చేవి తక్కువ, కరెంటు తీసుకున్న తీరు చెడి వచ్చేవి ఎక్కువ. అందుకే నేను కరెంటు సంగతి చెబుతాను.

బండిలో 12 వోల్టులు అంటాం కానీ అక్కడ 12 ఎప్పుడూ ఉండదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వరకు ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 9కి, పాత బ్యాటరీ అయితే అంతకన్నా కిందికి పడుతుంది. నడుస్తున్న బండిలో బ్యాటరీ టెర్మినల్ లూజై ఊడితే, ఆల్టర్నేటర్ నుంచి క్షణకాలం 80 వోల్టుల దాకా దూసుకురావచ్చు. చిన్న బోర్డుకు వోల్టేజీని తగ్గించే ఎల్ఎం2596 మాడ్యూల్ పెట్టి 5 వోల్టులు తీస్తారు. అది తట్టుకునేది 40 వరకే. కాబట్టి దాని ముందు 1 ఆంపియర్ ఫ్యూజు, ఆ తర్వాత ప్లస్‌కు ఎర్త్‌కు మధ్య ఎస్ఎంబీజే24ఏ లాంటి డయోడు ఒకటి వేయండి. ఆ డయోడు పోటును 39 వోల్టుల లోపు పట్టి ఉంచుతుంది. ఫ్యూజు ఎప్పుడూ కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగా ఉండాలి, బోర్డు దగ్గర కాదు. బోర్డు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరు నలిగి షార్ట్ అయినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు.

జాయింట్ల గురించి: వైరు మీద నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు వద్దు. లోపలి బ్లేడు తీగ పోగులను కొన్నింటిని కోస్తుంది, మిగిలిన పోగులు కుదుపులకు ఒక్కొక్కటే తెగుతాయి. ఫ్యూజు బాక్సులో ఖాళీ స్లాట్‌కు గానీ, ఇగ్నిషన్ మీద వచ్చే ఫ్యూజుకు గానీ ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు స్లాట్‌లో దూర్చి మరో వైరుకు కరెంటు తీసే ముక్క) తగిలించుకోండి, అసలు వైరు ముట్టుకోవాల్సిన అవసరమే రాదు. పసుపు రంగు స్లీవ్ గానీ, పసుపు కప్లర్ గానీ కనబడితే అది ఎయిర్‌బ్యాగ్ లైను. దానికి మల్టీమీటరు పిన్ను కూడా ఆనించవద్దు. మీటరు పంపే చిన్న కరెంటు కూడా అక్కడ ప్రమాదమే.

ఇక లైట్లు. 55 వాట్లవి రెండు అంటే 110 వాట్లు, తొమ్మిది ఆంపియర్ల పైమాట. దీన్ని హెడ్‌లైటు వైరు మీద మోపితే ఆ వైరు, స్విచ్ రెండూ కాలిపోతాయి. అందుకే రిలే వాడాలి, అంటే కాయిల్‌కు ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్. రిలే 30వ పిన్ను బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా, 87 లైట్లకు, కాయిల్ పిన్నులైన 85, 86 మాత్రమే హై బీమ్ సంకేతానికి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నాలుగు మీటర్ల దూరానికి పావు వోల్టు మాత్రమే పోతుంది. 0.75ది వేస్తే దాదాపు ఒక వోల్టు పోతుంది, వెలుతురు తగ్గి వైరు వేడెక్కుతుంది. హెడ్‌లైటు వెనుక కోయకుండా, బల్బుకూ కప్లర్‌కూ మధ్య తగిలే హెచ్4 కప్లర్ జత దొరుకుతుంది, సంకేతం అక్కడ తీసుకోండి. అంతకన్నా ముందు మల్టీమీటరుతో ఒక విషయం తేల్చుకోండి. కొన్ని బండ్లలో బల్బుకు ప్లస్ ఎప్పుడూ ఉండి, స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటి బండిలో మామూలు పద్ధతిలో రిలే కలిపితే హై బీమ్ వేయకున్నా లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

ఉష్ణోగ్రత గురించి కూడా ఒక మాట. కూలెంట్ మొత్తం కారిపోతే ఈసీయూ సెన్సారు నీటిలో కాకుండా గాలిలో వేలాడుతుంది. అప్పుడు అది చూపే అంకె అసలు వేడికన్నా తక్కువగా ఉండవచ్చు. మీ తెర మీద 85 కనబడుతుండగానే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే అతుకు పొర) పోయే వీలుంది. అందుకే హెడ్ లోహం మీద విడిగా ఒక సెన్సారు బిగించి, దానికి వేరే మీటరు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

హన్మకొండ_బాటసారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్నగారు చెప్పిన చివరి విషయం నన్ను ఆలోచనలో పడేసింది. సెన్సారే గాలిలో ఉంటే తెర మీది అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? అలాగే, సాకెట్ నుంచి డ్యాష్‌బోర్డు మధ్య వరకు తీగలు లాగడానికి ఇంట్లో మిగిలిన లాన్ కేబుల్ వాడవచ్చా? అందులోనూ జతలు మెలిపెట్టే ఉంటాయి కదా.

కాజీపేట_సిగ్నల్:

లాన్ కేబుల్ జతను బల్ల మీద పరీక్షలకు నిరభ్యంతరంగా వాడుకోండి. బండిలో మాత్రం వద్దు. ఇళ్లలో వేసే రకంలో ప్రతి తీగా ఒకే గట్టి రాగి పోగు, కుదుపులకు క్రింప్ చేసిన చోటే విరుగుతుంది. సన్నని పోగులున్న రెండు ఆటో వైర్లను తీసుకొని చేత్తో గానీ, డ్రిల్ మిషన్‌కు బిగించి గానీ మెలిపెట్టుకోండి. పొడవు అవసరమైనంతే ఉంచండి. ఒక మెగాబిట్ వేగంలో ప్రధాన లైను నుంచి తీసే కొమ్మ 0.3 మీటరు దాటరాదని ప్రమాణం చెబుతుంది. 500 కిలోబిట్ల దగ్గర కొంత వెసులుబాటు ఉన్నా, బోర్డును సాకెట్ పక్కనే బిగించి తెరకు మాత్రం వేరే తీగలు లాగడం ఉత్తమం.

సెన్సారు గురించి అన్నగారు లేవనెత్తిన అంశం చాలా విలువైనది, దానికి సగం పరిష్కారమే మన చేతిలో ఉంది. కూలెంట్ కారిపోయినప్పుడు అంకె స్థిరంగా ఉండదు. ఆవిరి తగిలినప్పుడు పైకి, గాలి తగిలినప్పుడు కిందికి ఎగిరిపడుతుంది. నిండుగా ఉన్న వ్యవస్థలో నడుస్తున్న ఇంజిన్ ఉష్ణోగ్రత అంత త్వరగా మారదు. కాబట్టి 105 దాటితే మోగే హెచ్చరికతో పాటు, కొద్ది క్షణాల్లోనే పది డిగ్రీలు అటూ ఇటూ మారితే కూడా బజరు మోగేలా ప్రోగ్రాం రాయండి. ఇది హెడ్ మీద బిగించే సెన్సారుకు సాటి రాదు. తరచుగా దూరం వెళ్లే బండికి రెండూ ఉండాలన్న అన్నగారి మాటనే నేనూ సమర్థిస్తాను.

మానేరు_రైడర్:

కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మీరందరూ వినడం గురించే మాట్లాడుతున్నారు. అదే లైను మీద మనం కూడా సందేశాలు పంపితే ఎంతో చేయవచ్చు కదా అన్నా. బండి 20 కిలోమీటర్ల వేగం దాటగానే తలుపులు లాక్ కావడం, రిమోట్ నొక్కి పట్టుకుంటే అద్దాలు దిగడం, ఇవన్నీ ఖరీదైన మోడళ్లలో ఉన్నవే. హై బీమ్ సంకేతాన్ని కూడా వైరు నుంచి కాకుండా డేటా నుంచే తీసుకోవచ్చు. లైనులో రికార్డు చేసిన లాక్ సందేశాన్నే తిరిగి పంపితే సరిపోతుందని నా మిత్రులు అంటున్నారు.

కాజీపేట_సిగ్నల్:

తమ్ముడూ, మీ ఆలోచనలో రెండు వేర్వేరు విషయాలున్నాయి. హై బీమ్ స్థితిని డేటా నుంచి చదవడం చక్కని పద్ధతి, దానికి నా మద్దతు ఉంది. కారు సొంత సందేశాన్ని మనం అనుకరించి పంపడం మాత్రం పూర్తిగా వేరు. ఎందుకో వివరంగా చెబుతాను.

క్యాన్ సందేశానికి పంపినవారి చిరునామా ఉండదు, ఐడీ మాత్రమే ఉంటుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే తక్కువ సంఖ్య ఉన్న ఐడీ నెగ్గి, రెండోది తనంతట తాను తప్పుకొని మళ్లీ ప్రయత్నిస్తుంది. 11 బిట్ల ఐడీలు 0 నుంచి 2047 వరకు ఉంటాయి. మనం ఉష్ణోగ్రత అడగడానికి వాడే 7డీఎఫ్ అంటే 2015, దాదాపు అట్టడుగు. ఇంజిన్, బ్రేకుల సందేశాలతో అది ఏనాడూ పోటీపడి గెలవదు. ఒక్కో సందేశం సుమారు 130 బిట్లు, సెకనుకు ఒక ప్రశ్న, ఒక జవాబు అంటే 260 బిట్లు, సెకనుకు 5 లక్షల బిట్ల లైనులో అది లెక్కలోకే రాదు. పైగా ఆ ప్రశ్న కోసమే ప్రమాణంలో ఆ ఐడీని కేటాయించారు. కాబట్టి 7డీఎఫ్‌తో అడగడంలో భయపడాల్సింది లేదు.

అదే మీరు బాడీ కంట్రోల్ మాడ్యూల్ (తలుపులు, అద్దాలు, లైట్లను నడిపే కారు కంప్యూటర్) ఐడీతోనే సందేశం పంపారనుకోండి. అసలు మాడ్యూల్ కూడా అదే ఐడీతో క్రమం తప్పకుండా పంపుతూనే ఉంటుంది. ఇద్దరూ ఒకే క్షణంలో మొదలుపెడితే ఐడీ ఒకటే కనుక ఎవరూ తప్పుకోరు. డేటా బైట్లలో తేడా వచ్చిన చోట, ఒకరు 1 పంపి లైను మీద 0 చూస్తారు, అది బిట్ ఎర్రర్. అలాంటి ప్రతి వైఫల్యానికీ పంపినవారి ఎర్రర్ లెక్క 8 పెరుగుతుంది. లెక్క 127 దాటితే ఆ మాడ్యూల్ తన ఎర్రర్లను ఇతరులకు గట్టిగా చెప్పుకొనే హక్కు కోల్పోతుంది, 255 దాటితే లైను నుంచే వైదొలగుతుంది. అంటే వరుసగా 32 ఘర్షణలు చాలు. వైదొలగినది మీ బోర్డు అయితే ఫరవాలేదు. అది కారు మాడ్యూల్ అయి, ఆ సమయంలో మీరు రాజీవ్ రహదారి మీద లారీని దాటుతూ ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. వీటికి తోడు చాలా సందేశాల్లో ప్రతిసారీ ఒకటి పెరిగే నాలుగు బిట్ల లెక్క, చివరి బైటులో సందేశం సరైనదో కాదో సరిచూసే చెక్‌సమ్ ఉంటాయి. రికార్డు చేసి తిరిగి పంపే సందేశంలో ఆ లెక్క పాతది కాబట్టి అందుకునే మాడ్యూల్ దాన్ని పక్కన పెడుతుంది.

2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారానే ఒక జీప్ చెరోకీ డేటా లైనులోకి చేరి, నడుస్తున్న బండిని నియంత్రించి చూపారు. ఆ తర్వాత కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించింది. 2023లో హెడ్‌లైటు వెనుక ఉన్న క్యాన్ తీగలకు పరికరం తగిలించి కార్లను దొంగిలిస్తున్న తీరు బయటపడింది. ఇటీవలి కార్లలో సాకెట్‌కూ లోపలి లైన్లకూ మధ్య గేట్‌వే (ఏ సందేశాలు దాటవచ్చో నిర్ణయించే కంప్యూటర్) పెట్టడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. అలాంటి బండిలో సాకెట్ దగ్గర వింటే ఏమీ వినబడదు, అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు వస్తుంది. అక్కడ కొలిచే 60 ఓమ్‌లు కూడా గేట్‌వే వెనుక ఉన్న లైన్ల గురించి ఏమీ చెప్పవు.

తలుపుల లాక్ కావాలంటే వేగాన్ని లైను నుంచి చదవండి, ప్రశ్న నంబరు 0డీ, వచ్చే బైటే కిలోమీటర్ల వేగం. 20 దాటగానే డ్రైవరు తలుపు మీది లాక్ స్విచ్‌కు సమాంతరంగా చిన్న రిలేతో అర సెకను కలిపి వదిలేయండి. స్విచ్ నొక్కింది మనిషా రిలేనా అన్నది కారుకు తేడా ఉండదు, డేటా లైను మీద మీరు ఒక్క తప్పుడు మాటా పలకరు.

గోదావరిఖని_వైరింగ్:

కాజీపేట తమ్ముడు చెప్పిన రిలే పద్ధతి సరైనదే. అయితే లాక్ స్విచ్ వైరు నేరుగా ఎర్త్‌కు కలుస్తుందా, లేక మధ్యలో రెసిస్టరు ఉందా అన్నది ముందు కొలవాలి. కొన్ని బండ్లలో లాక్, అన్‌లాక్ రెండూ ఒకే వైరు మీద వేర్వేరు నిరోధాలతో వెళ్తాయి. అక్కడ నేరుగా ఎర్త్ చేస్తే తప్పు ఆజ్ఞ వెళ్తుంది. రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడు మరచిపోకూడదు. అది లేకపోతే రిలే ఆరిన ప్రతిసారీ కాయిల్ నుంచి ఎదురు వోల్టేజీ వచ్చి మీ ట్రాన్సిస్టర్‌ను చంపుతుంది.

మంచిర్యాల_చట్టం:

సాంకేతిక విషయాలు బాగా నడుస్తున్నాయి కనుక చట్టం ఏం చెబుతుందో కూడా ఇక్కడే ఉండటం మంచిది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని యజమాని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

సాకెట్‌కు తగిలించి ఎప్పుడైనా తీసేయగల తెర వల్ల వాహనం వివరాలు మారవు. లైట్ల విషయం అలా కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 111వ నియమం, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా ముందు భాగాన స్పాట్ లైట్, సెర్చ్ లైట్ ఉండరాదంటుంది. బాటసారి గారూ, మీ కారు మోడల్‌కే పై శ్రేణిలో కంపెనీ ఫాగ్ లైట్లు ఇచ్చి ఉంటే, అవే బ్రాకెట్లు, అవే లైట్లు తెచ్చి బిగించుకోవడం అన్నిటికన్నా సురక్షితం. బంపరులో వాటి స్థానం, కొన్ని బండ్లలో వైరింగ్ కూడా ముందే ఉంటాయి. అడవి దారిలో మీకు ఎంత వెలుతురు కావాలో నాకు తెలుసు, ఎదుటి నుంచి ద్విచక్ర వాహనం మీద వచ్చే రైతు కళ్లు చెదరకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం. వారంటీ మిగిలి ఉన్న బండి అయితే, వైరు కోసిన చోట కంపెనీ బాధ్యత వహించదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జగిత్యాల_ఎడ్లబాట:

వైర్లు ఏ దారిన లాగాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. మా వైపు వడ్లు, మక్కలు నిల్వ చేసిన ఇళ్ల దగ్గర బండి నిలిపితే, ఇంజిన్ వెచ్చదనానికి ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి. అందుకని ఇంజిన్ గదిలో కొత్తగా వేసే ప్రతి వైరునూ గొట్టంలో పెట్టి, కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) పక్కనే కట్టుకుంటూ పోవాలి. విడిగా వేలాడే వైరే మొదట తెగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు, ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కర లేదు. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే చోట రేకుకు కొత్త రంధ్రం చేయకుండా, ఇప్పటికే ఉన్న రబ్బరు గ్రామెట్ (రంధ్రానికి తొడిగిన రబ్బరు బిరడా) ద్వారానే తీసుకురండి. గ్రామెట్‌కు ముందు వైరును కొంచెం కిందికి వంచి మళ్లీ పైకి తీస్తే, వానకాలంలో వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలి ఫ్యూజు బాక్సు మీద పడదు. బొగ్గు దుమ్ము ఉన్న ప్రాంతాల్లో తిరిగే బండి అయితే బోర్డును మూత ఉన్న డబ్బాలో పెట్టడం అవసరం. ఆ దుమ్ము తేమతో కలిస్తే పిన్నుల మధ్య కరెంటు పారడానికి దారి ఏర్పడుతుంది.

హన్మకొండ_బాటసారి:

మీరు చెప్పినవన్నీ వరుసగా పాటించాను. 6, 14 పిన్నుల మధ్య 60 ఓమ్‌లు వచ్చింది. జంపరు తీసి, ప్రోగ్రాంలో క్రిస్టల్ 8 అని సరిచూసుకొని, లిజన్ ఓన్లీ పద్ధతిలో తెరిస్తే సందేశాలు శుభ్రంగా వచ్చాయి. మా బండిలో గేట్‌వే లేదు. హై బీమ్ వేసి తీసేస్తూ రికార్డు చేసి పోల్చి చూస్తే, ఒకే ఐడీలో ఒకే బిట్టు దానితో పాటే మారుతున్నది. డిప్పర్ కొట్టినప్పుడు కూడా అదే బిట్టు లేస్తున్నది. 

ఉష్ణోగ్రత ప్రశ్నకు జవాబు వస్తున్నది. ములుగు రోడ్డు మీద సాఫీగా నడిచినప్పుడు 88 నుంచి 92 మధ్య ఉంటున్నది. ఏసీ వేసి నిలిపితే 97 దాకా వెళ్లి, ఫ్యాన్ తిరగగానే దిగుతున్నది. ఇంతకాలం కనబడని విషయం అంకెల్లో కనబడటం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. లైట్లకు కంపెనీ ఫాగ్ ల్యాంపుల జతనే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను, మంచిర్యాల వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. వాటి రిలేను ఈ బిట్టుతో నడపాలనుకుంటున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే లైట్లు వెలుగుతూ ఉండిపోవా? బోర్డుకు కరెంటు సాకెట్‌లోని 16వ పిన్ను నుంచే తీసుకుంటే ఏమవుతుంది?

కాజీపేట_సిగ్నల్:

మొదటి సందేహానికి మూడు జాగ్రత్తలు. ఆ ఐడీ సందేశం అర సెకను పాటు రాకపోతే రిలేను ఆర్పేయాలని ప్రోగ్రాంలో రాయండి. మైక్రోకంట్రోలర్‌లోనే ఉండే వాచ్‌డాగ్‌ను చేతనం చేయండి, ప్రోగ్రాం ఆగితే అది బోర్డును మళ్లీ మొదలుపెడుతుంది. రిలేను నడిపే మాస్ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) గేటుకూ ఎర్త్‌కూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు వేయండి, బోర్డు మేల్కొనే ఆ కొద్ది క్షణాల్లో గేటు గాలిలో ఉండకుండా అది కిందికి లాగి పట్టుకుంటుంది. వీటితో పాటు డ్యాష్‌బోర్డు మీద ఒక మామూలు స్విచ్‌ను రిలే కాయిల్‌తో వరుసలో పెట్టండి. ఎలక్ట్రానిక్స్ ఏం చేసినా ఆ స్విచ్ ఆపితే లైట్లు ఆరాలి.

16వ పిన్ను వద్దు. దానికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది. వైఫై ఉన్న ఈఎస్పీ32 బోర్డు దాదాపు 80 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, రోజుకు 1.9 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో, బండి కదలకుండా ఉంటే, పన్నెండు రోజుల్లో సగం పోతుంది. బోర్డును నిద్రపుచ్చినా ఎల్ఎం2596 మాడ్యూల్ తనకోసం 5 నుంచి 10 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది.

గోదావరిఖని_వైరింగ్:

ఇగ్నిషన్ మీద వచ్చే ఫ్యూజు నుంచే తీసుకోండి, తాళం చెవి తీస్తే అన్నీ ఆగిపోతాయి. ఫ్యూజ్ ట్యాప్ పెట్టేటప్పుడు దాని వైరు ఉన్న వైపు, స్లాట్‌లో లోడు వైపు వచ్చేలా చూడండి. ముందు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు పిన్నుల్లో ఏది 12 వోల్టులు చూపుతుందో కొలిస్తే అదే సరఫరా వైపు. తిరగేసి పెడితే మీ బోర్డు కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, విడి ఫ్యూజు పెట్టిన ఫలితం దక్కదు. పని పూర్తయ్యాక బ్యాటరీ మైనస్‌కు వరుసలో మీటరు పెట్టి, తాళం చెవి తీసి, తలుపులన్నీ వేసి, బండి నిద్రపోయేదాకా ఆగి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టే. మీటరు వరుసలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది.